మైకు ముందు జల్లెడ

“పాప్ ఫిల్టర్ ఏదీ?”

ఆడియో పుస్తకాల కంపెనీ మేనేజరు అద్దం అవతలి గదిలో ఉన్న మైకు వైపు వేలు చూపించాడు. స్టూడియో అన్నాచెల్లెళ్లది. ఏ ప్రశ్న రాకూడదని చెల్లెలు పొద్దున్నించీ అనుకుంటోందో అదే ముందు వచ్చిపడింది.

“అక్కర్లేదండి,” అన్నాడు అన్న, ఆయన మొహంలోకే చూస్తూ. “మైకుని కాస్త పక్కకి తిప్పి పెట్టాను. ‘ప’ అన్నా ‘బ’ అన్నా ఊపిరి పక్కనించి పోతుంది. మైకుని కొట్టదు, టప్పుమనదు.”

“పక్కకి పెడితే గొంతు పల్చబడుతుంది. మేం ఏ పుస్తకమైనా ఫిల్టర్ పెట్టే చదివిస్తాం. అది మా పద్ధతి.”

“నా పద్ధతి ఇది.”

చెల్లెలు గబగబా ఇద్దరి మధ్యకీ వచ్చింది. పోయిన నెల ఒక పార్టీ ఇదే మాట అడిగితే, “పని నాకు నేర్పకండి” అంటూ అన్న వీధి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ పార్టీ మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. ఈ పుస్తకాల పని కూడా చేజారితే స్టూడియోకి తాళమే. అద్దెకిచ్చిన ఇంటివాళ్లు అప్పుడే ఈ గదులు ఎవరెవరికో చూపిస్తున్నారు.

పేరుకి మాత్రం లోటు లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లంతా అన్నని పాముచెవుల మాస్టారంటారు. చదివేవాళ్లు గుటక మింగినా పట్టేస్తాడని చెప్పుకుంటారు. మేనేజరు ఆ పేరు వినే వెతుక్కుంటూ వచ్చాడు.

ఆమె అన్నకి ఎదురుగా నిలబడింది. “బీరువాలో ఉంది అన్నయ్యా. పెడదాం.”

“దాని గుడ్డ పాతబడింది. గొంతుని మింగేస్తుంది.”

“నా మాట విను. పెడదాం.”

అన్న బీరువా తాళం ఆమె చేతిలో పెట్టాడు. “నీ ఇష్టం. తర్వాత నన్ననకు.”

చిన్న పళ్లెమంత చట్రం, దానికి బిగించిన నల్లటి వల. మేనేజరు తీసుకొచ్చిన చదివే అమ్మాయి నోటికీ మైకుకీ మధ్య దాన్ని బిగించారు. ఇవతల నించి చూస్తే ఆ అమ్మాయి మొహంలో కళ్లూ నుదురూ మాత్రమే మిగిలాయి.

“జల్లెడ వెనక దొంగలా లేనూ?” అంది అమ్మాయి లోపల్నించి. మేనేజరు నవ్వాడు. చెల్లెలు కూడా నవ్వింది. అన్న నవ్వలేదు.

ముగ్గురూ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. రికార్డింగు మొదలైంది.

గొంతు బాగుంది. ఒక్క టప్పు లేదు. మేనేజరు పేజీ వెంట వేలు జరుపుతూ తలాడిస్తున్నాడు. అన్న నుదుటి మీద మాత్రం చెమట పట్టింది.

నాలుగో వాక్యంలో అమ్మాయి ఒక మాట మింగేసింది. మేనేజరు వేలు ఆగిపోయింది. ఆయన అన్న వైపు చూశాడు. అన్న కదల్లేదు. అమ్మాయి ఇంకో వాక్యం దాటింది.

చెల్లెలు బల్ల కింద అన్న కాలు తొక్కింది.

“ఆపు,” అన్నాడు అన్న వెంటనే, బటన్ నొక్కి. “పేరా మొదట్నించి.”

మేనేజరు హెడ్‌ఫోన్లు తీసేశాడు. “ఇంత ఆలస్యమా? ఫిల్టర్ పెట్టించానని అలిగారా మాస్టారూ?”

అన్న చూపు అద్దం మీదే ఉంది.

“పనిలో ఉంటే పలకడండి,” అంది చెల్లెలు. “తప్పు వచ్చిన చోటే ఆపితే చదివేవాళ్లు బెదిరిపోతారని ఒక్క వాక్యం వదులుతాడు.”

“నా దగ్గర కథలు చెప్పకమ్మా. చేతిలో ఇంకో రెండు స్టూడియోలున్నాయి. ఇంకొక్క తప్పు ఇలా దాటిపోయిందో, నేను లేచిపోతాను.”

చెల్లెలు అన్న భుజం తట్టింది. అతను తిరిగి ఆమె మొహం చూశాడు. ఆమె తలుపు వైపు కళ్లు తిప్పింది. అన్న లేచి లోపలి గదిలోకి వెళ్లాడు.

స్టాండు మరలు వదులు చేసి మైకుని అమ్మాయి నుదుటి పైకి ఎత్తాడు. దాని మూతిని కిందికి, నోటి వైపు వంచాడు. వలని మైకుకి ఆనీ ఆనకుండా బిగించాడు. అమ్మాయి మొహం అంతా బయటపడింది. బయటికి వచ్చి మేనేజరు ముందు నిలబడ్డాడు.

“ఇప్పుడు ఊపిరి ఎదురుగా పోతుంది, మైకు పైనించి గొంతు పట్టుకుంటుంది. మీ ఫిల్టరూ ఉంది. ఇక నా పని చూడండి.”

“చూస్తాను.”

మళ్లీ మొదలైంది. ఈసారి అన్న ముందుకి వంగి కూర్చున్నాడు. ఒక పేజీ అయింది. రెండో పేజీ సగంలో అతని చెయ్యి ఠక్కున లేచింది.

“ఆపమ్మా! అక్కడున్నది పడవ. నువ్వు ఓడ అన్నావు.”

అమ్మాయి నాలిక్కరుచుకుంది. మేనేజరు పేజీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. “అవును, పడవే. నాకే తట్టలేదు.”

ఆ తర్వాత ఇంకో రెండు తప్పులొచ్చాయి. రెండూ అన్న నోటి నించే ముందు వచ్చాయి. అధ్యాయం అయ్యాక మేనేజరు మొత్తం వెనక్కి తిప్పించుకుని విన్నాడు. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. కాగితాలు సంచీలో సర్దుకున్నాడు. అమ్మాయిని ముందు నడవమని తను వెనక నడిచాడు. చెల్లెలు కుర్చీ అంచు పట్టుకుంది.

తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు మేనేజరు. “సోమవారం మొదలుపెట్టండి. పుస్తకాలన్నీ మీకే.”

“అలాగేనండి,” అంది చెల్లెలు.

తలుపు మూసుకుంది. ఆమె కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అన్న మోకాళ్ల మీద కూర్చుని ఆమె చేతులు విడదీశాడు. గడ్డం పట్టి ఆమె మొహాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

“ఏమన్నాడో చెప్పు, ఆయన పెదాలు కనపడలేదు నాకు.”