జర్మనీ దొర దుప్పట్లు

“మామూ, వీడు రంగుల గురించి అడుగుతున్నాడు!” తెర ముందు నుంచి ఆరిఫ్ అరిచాడు.

పటమట నెట్ సెంటర్లో ప్లైవుడ్ అడ్డుకి అవతల నుంచి కరిముల్లా తల పైకి లేచింది. “ఎవడ్రా? సున్నాలేసేవాడా?”

“జర్మనీ దొర మామూ! హెర్మన్!”

“ఓహో, మన దుప్పట్ల దొరా! చదువు, చదువు. ఇక్కడ క్రికెట్ స్కోరు తెరుచుకోవడానికి ఎలాగూ అరగంట పడుద్ది.”

ఆరిఫ్ చదివాడు. దొరగారి ఇంగ్లీషు మరీ అధ్వానం. జర్మనీవాళ్లకి అంతే వచ్చేమో. ‘దుప్పటికి రంగు ఏమి వేసినారు? మా దేశం కొన్ని రంగులు ఆపినది. పరీక్ష చేసిన కాగితం ఉందా?’

“దుప్పటి చూసి కొనాలిగానీ కాగితం ఏంటి మామూ?”

“నన్నడుగుతావేంట్రా, ఏడో క్లాసు తప్పినోణ్ణి? ఇంజినీరువి నువ్వా, నేనా?”

ఆ మాట ఆరిఫ్‌కి సూదిలా దిగింది. కంప్యూటర్ ఇంజినీరింగ్ పాసై ఏడాది దాటింది. మూడు ఇంటర్వ్యూలు పోయాయి. ప్రోగ్రామ్ రాయమంటే మూడుచోట్లా చకచకా రాసేశాడు. ‘ఇది ఎవరికి పనికొస్తుంది? అమెరికావాడు ఈ పని మనకెందుకిస్తాడు?’ అని అడిగేసరికి మూడుచోట్లా నోరు పెగల్లేదు. నాలుగోది నెలాఖరున, బందరు రోడ్డు హోటల్లో. అదీ పోతే కంపెనీలు ఇక రెండువేల సంవత్సరం బ్యాచ్‌ మొహం చూడవట. అమ్మ అన్వరీ అప్పుడే మైలవరంలో ఎరువుల కొట్టు గుమాస్తా పని మాట్లాడి ఉంచింది.

అందుకే మామ కొట్లో కలంకారీ దుప్పట్లకి ఆరిఫ్ ఒక వెబ్‌సైట్ తయారుచేశాడు. విదేశీ ఆర్డరు సంపాదించానని ఇంటర్వ్యూలో బల్ల మీద పెడితే ఇక కాదనేదెవరు? వారం తిరక్కుండానే దొర తగిలాడు.

మామకి మాత్రం అంతా వేళాకోళమే. మంత్రిగారు వస్తున్నారని ఉత్తుత్తి కబురంపి, పక్క కొట్టు వెంకటప్పయ్యగారిని ఎండాకాలంలో పొద్దుగూకేదాకా కోటుతో కూర్చోబెట్టిన మనిషి ఆయన.

ఆరిఫ్ పెడన బస్సెక్కాడు. మామ దుప్పట్లకి అద్దకం పనిచేసే జక్కయ్య రంగు తొట్టి పక్కనే కూర్చోబెట్టి చెప్పాడు.

“ఎరుపుకి మంజిష్ఠ వేరు బాబూ. నలుపుకి బెల్లం నీళ్లలో నానేసిన ఇనప ముక్కలు. ఐదారేళ్ల కిందట బజార్లో దొరికే కెమికల్ రంగులేశాం. మీ మామ సరుకు మద్రాసు దాకా ఎల్లి తిరిగొచ్చింది. ఆ దేశపోళ్లు ఒప్పుకోలేదంట. ఆ దెబ్బకి నెల రోజులు మీ మామ నవ్వితే ఒట్టు.”

“మామ నాకెప్పుడూ చెప్పలేదే!”

“నువ్వెప్పుడన్నా అడిగావా?”

పరీక్ష కాగితం సంపాదించేసరికి దొర ఇంకోటి అడిగాడు. ‘ఓడ మునిగిన, నష్టం ఎవరిది?’ ఆరిఫ్ బీమా ఆఫీసుకి పరిగెత్తాడు. ‘మా మార్కు నాణెం పోవును, యూరో వచ్చును. ధర దేనిలో చెప్తావు?’ బ్యాంకు మేనేజరు చుట్టూ మూడు రోజులు తిరిగాడు. ‘చైనాలో ఇదే దుప్పటి సగం ధర. నీది ఎందుకు కొనవలె?’ ఆ రాత్రంతా జవాబు రాస్తూ, కొట్టేస్తూ కూర్చున్నాడు.

దొర ఆదివారం కూడా వదిలేవాడు కాదు. ఒక్క శుక్రవారం మాత్రం ఊపిరి పీల్చుకోనిచ్చేవాడు.

“ఏరా ఇంజినీరూ, చిక్కిపోతున్నావు. దొర కూతుర్నేమన్నా అడిగావా?” అనేవాడు మామ.

“నవ్వకు మామూ! ఇది పోతే నేను ఎరువుల బస్తాల మధ్య చచ్చిపోతాను!”

మామ నిజంగానే నవ్వు ఆపేశాడు. ఒక్క క్షణమే.

ఇంటర్వ్యూకి ముందురోజు చివరి ఉత్తరం వచ్చింది. ‘అమెరికాలో కంపెనీలు పడినవి. ఇక్కడ జనం చేయి బిగించినారు. ఆర్డరు లేదు. క్షమించు.’

ఆరిఫ్ కీబోర్డు మీద తల పెట్టేశాడు. “అయిపోయింది మామూ. ఎక్కడో అమెరికాలో ఎవడో మునిగితే పటమటలో నేను మునగడమేంటి?”

“అదే మాట రేపు వాళ్లతో చెప్పు.”

“వెళ్లను. ఏం మొహం పెట్టుకుని వెళ్లను?”

“ఉన్న మొహంతోనే ఎల్లు. కాస్త కడుక్కో, చాలు.”

మర్నాడు మామే స్కూటర్ మీద లాక్కెళ్లి హోటల్ ముందు దింపాడు. లోపల ఇద్దరున్నారు. కళ్లజోడు పెట్టుకున్నావిడ ప్రోగ్రామ్ ఊసే ఎత్తలేదు.

“అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయి. ఈ పరిస్థితుల్లో మేం నిన్నెందుకు తీసుకోవాలి?”

ఆరిఫ్‌కి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటే మాటలూ వచ్చాయి. దుప్పట్ల కథ మొత్తం చెప్పేశాడు. రంగు కాగితం, ఓడ బీమా, యూరో, చైనా సగం ధర. “ఒక దేశాన్నే నమ్ముకుంటే వాళ్లు పడ్డప్పుడు మనమూ పడతాం మేడం. చవగ్గా చేస్తామని చెప్పుకుంటే రేపు ఇంకొకడు ఇంకా చవగ్గా చేస్తాడు. కొనేవాడి భయమేంటో తెలుసుకుని ప్రోగ్రామ్ రాయాలి. నేనింతవరకూ అది తెలుసుకోకుండానే రాశాను.”

“మరి ఆర్డరు వచ్చిందా?”

“పోయింది మేడం.”

ఆవిడ పక్కాయన వైపు చూసి నవ్వింది. సాయంత్రం నోటీసు బోర్డు మీద నాలుగు పేర్లే పెట్టారు. మూడోది ఆరిఫ్‌ది.

ఆరిఫ్ తిన్నగా నెట్ సెంటర్‌కి పరిగెత్తాడు. మామ ఎప్పటి కుర్చీలోనే స్కోరు కోసం కూర్చుని ఉన్నాడు. “మామూ, వచ్చేసింది!” అని అరిచాడు.

“ఏంటీ, ఎరువుల లారీయా?” అన్నాడు మామ. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

“ముందు దొరకి చెప్పాలి. పాపం, ఆర్డరివ్వకపోయినా నా బతుకు నిలబెట్టాడు.” ఆరిఫ్ గబగబా నాలుగు ముక్కలు కొట్టి పంపేశాడు. లేచి వెళ్లి డబ్బులు కట్టొచ్చి, మామని పిలుద్దామని అడ్డు మీదుగా తొంగి చూశాడు.

మామ తెర మీద తెరుచుకుని ఉన్నది ఆరిఫ్ ఇందాక దొరకి పంపిన ఉత్తరమే.