నిన్న జరిగినట్టు

"బ్రేక్?" అంది హెడ్ నర్సు.

"బ్రేక్డ్," అంది ఆయా.

స్కేలు ఆయా మణికట్టు మీద ఠపీమని పడింది. ముప్పై నాలుగేళ్ల మనిషి చిన్నపిల్లలా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"బ్రోక్. ఎన్నిసార్లు చెప్పాలే నీకు? అన్నింటికీ ఒకటే తోక తగిలిస్తే ఇంగ్లీషు అయిపోదు."

అది నర్సింగ్ హోమ్‌లో ఉతికిన దుప్పట్లు పేర్చే గది. మధ్యాహ్నం పేషెంట్లు కునుకు తీసే అరగంట ఇద్దరూ అక్కడ కూర్చునేవారు. ఆయా దుప్పట్లు మడతపెడుతూ జవాబు చెప్పేది. తప్పు చెప్తే మడత ఆపి చెయ్యి చాపేది.

సహాయ నర్సు శిక్షణకు పెట్టే పరీక్ష ఆమె రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఇంగ్లీషే ముంచింది. అదీ ఈ క్రియల దగ్గరే. వాక్ పోయి వాక్డ్ అయినప్పుడు గో పోయి గోడ్ ఎందుకు కాకూడదో ఎంత కొట్టుకున్నా ఆమెకు అర్థమయ్యేది కాదు. ముప్పై అయిదు దాటితే పరీక్షకు కూర్చోనివ్వరు. అంటే ఇదే ఆఖరుసారి. ఇదీ పోతే, నిన్నగాక మొన్న చేరిన పిల్లల చేత "ఏయ్ ఆయా" అనిపించుకుంటూ బతుకంతా బెడ్‌పాన్లు కడగాలి. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

అందుకే హెడ్ నర్సు తనంతట తనే పిలిచి, "నేను నేర్పిస్తాలే, ఏడవకు," అన్న రోజున ఆయా తన చెవుల్ని తనే నమ్మలేదు. ఆరేళ్లలో ఆవిడ ఆయాను తిట్టడానికి తప్ప నోరు విప్పింది లేదు. ఈమధ్య వార్డులో ఒక పసిపాప జ్వరంతో వచ్చి చనిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ సరిగ్గా తినడం లేదు, నలుగురిలో కూర్చోవడం లేదు. చావును అంత దగ్గర్నుంచి చూస్తే ఎంతటివాళ్లకైనా మనసు మెత్తబడుతుంది కాబోలు అనుకుంది ఆయా.

నేర్పే పద్ధతి మాత్రం మెత్తగా లేదు.

"ఊరికే బట్టీపడితే పరీక్షలో నీళ్లు నములుతావు. ప్రతి మాటనీ నీమీద పెట్టుకుని వాక్యం రాయి. నేను అని మొదలుపెట్టు. నిన్న జరిగినట్టు రాయి. మన వార్డు సంగతులైతే ఇంకా మంచిది, చచ్చినా మరిచిపోవు."

ఆయా రాసింది. నేను అన్నం తిన్నాను. నేను సీసా తీశాను. నేను బస్సు ఎక్కాను. నేను సూది వేశాను. నేను మెట్ల మీద పడ్డాను. నేను సీసా పగలగొట్టాను. నేను పాట పాడాను. నేను ముక్కలు దాచాను.

"నిజంగా ఇన్ని పనులు చేసుంటే నాకు జీతం పెంచాలక్కా," అని నవ్వింది.

హెడ్ నర్సు నవ్వలేదు. "తర్వాతది రాయి," అంది.

అన్నింట్లోకీ కొరకరాని కొయ్య లై. పడుకోవడం ఒకటి, పడుకోబెట్టడం ఒకటి, అబద్ధమాడడం ఒకటి. ఒకదాన్ని పిలిస్తే ఇంకొకటి పలికేది. వాటితో ఆయాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో అంట్లు తోముతూ గొణుక్కుంటుంటే, ఆరో తరగతి చదివే కూతురు, "అబద్ధానికి లెయిడ్ కాదమ్మా, లైడ్," అని ఎగతాళి చేసేది. నాలుగో రోజుకి మూడూ లొంగాయి. నేను మధ్యాహ్నం పడుకున్నాను. నేను పాపను పడుకోబెట్టాను. నేను అబద్ధమాడాను. ఆ రోజు స్కేలు లేవలేదు.

మూడో వారం హెడ్ నర్సు గీతల్లేని తెల్లకాగితం తెచ్చింది.

"సూపరింటెండెంటుగారు సిఫారసు రాస్తే సగం సీటు చేతికొచ్చినట్టే. నీ ఇంగ్లీషు ఆయనకు చూపిస్తాను. కష్టమైన వాటిలో పది చెప్తా, నేను చెప్పిన వరసలో రాయి. కొట్టివేత ఒక్కటి కనబడకూడదు."

నాలుగు కాగితాలు చింపించింది. అయిదోది కుదిరింది. కింద పేరు రాయించి, సంతకం పెట్టించి, తేదీ వేయించింది.

"ఎవరు నేర్పారని అడిగితే ఏం చెప్పనక్కా?"

"నా పేరెత్తితే, కావలసినవాళ్లకి చేసుకుంటోందంటారు. నీ సిఫారసు అక్కడే ఆగిపోతుంది. ఎవరూ చెప్పలేదు, నేనే రాశానని చెప్పు."

ఆయా కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత అక్క కూడా తన కోసం ఇంత చెయ్యలేదు.

రెండు రోజులకు పిలుపొచ్చింది. ఆయా ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, జడ బిగించుకుని వెళ్లింది. సూపరింటెండెంటు పక్కన మునుపెన్నడూ చూడని మనుషులిద్దరు కూర్చున్నారు. బల్ల మీద తన కాగితం ఉంది. హెడ్ నర్సు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది.

"ఈ రాత నీదేనా?" అన్నాడు సూపరింటెండెంటు.

"నాదే సార్."

"ఇందులో ఏం రాసుందో నీకు తెలుసా?"

"ప్రతి ముక్కా తెలుసు సార్."

"ఎవరైనా చెప్పి రాయించారా?"

"లేదు సార్. ఎవరూ చెప్పలేదు. అంతా నేనే రాశాను," అని తలెత్తి చెప్పింది ఆయా. "కావాలంటే చూడకుండా చెప్తాను."

ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు సరేనన్నట్టు తలూపారు.

ఆయా చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. సీసా తీశాను, సూది వేశాను దగ్గర్నుంచి ముక్కలు దాచాను, అబద్ధమాడాను దాకా పది వాక్యాలూ ఇంగ్లీషులో, వరసగా, ఎక్కడా తడబడకుండా ఒప్పజెప్పింది. అయిపోయాక, తన కష్టం ఫలించిందన్న సంతోషం పట్టలేక, హెడ్ నర్సు వైపు చూసి నవ్వింది.

పసిపాపకు ఒక మందు బదులు ఇంకో మందు ఎక్కించి చంపిందెవరో తేల్చడానికి వచ్చిన ఆ ఇద్దరికీ ఇక ఆమెను అడగాల్సింది ఏమీ మిగల్లేదు.