తండ్రి పేరు గడి

గోదావరి యానాన్ని ముంచేసిన ఏడాది, ఎనభై ఆరు. అక్కడ మనవాళ్ళు ఉన్నారో కొట్టుకుపోయారో కబురు లేదు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొడుకింట్లో ఉన్న ఏసుపాదం రోజూ వెళ్ళి మెయిల్‌బాక్స్ తీసి చూసేవాడు. ఆగస్టు ఆఖర్న ఒక కవరొచ్చింది. యానాం నించి కాదు, ఫ్రాన్సు నించి.

ఆ కవరు కోసం ఏడాదిగా కాచుకున్నది కొడుకు సామ్యూల్. కార్ల కంపెనీలో ఇంజనీరు. డెట్రాయిట్‌లో పాతకాలపు ఫ్రెంచి కుటుంబాల సంఘం ఒకటుంది. మూలపురుషుడు ఫ్రెంచివాడని కాగితం చూపిస్తేనే అందులో చేర్చుకుంటారు.

సామ్యూల్ ఇంటిపేరు టెలిడూక్స్. "ఫ్రెంచి పేరది, చివరి ఎక్స్ పలకకూడదు" అని చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. ఆఫీసులో ఎవడూ వినడు. పైగా, "నీ మొహానికి ఫ్రెంచి పేరా? ఎక్కడ కొట్టుకొచ్చావ్?" అని నవ్వుతారు. ఆ నోళ్ళు మూయించాలని అతని పంతం.

"మా వంశం మొదలైంది ఒక ఓడ కెప్టెన్‌తో" అని అందరికీ చెప్పేశాడు కూడా. ఎవరో పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌లో విగ్గు పెట్టుకున్న తెల్లదొర పటం ఒకటి కొనుక్కొచ్చి హాల్లో తగిలించాడు. ఆ మేకుకి అంతకుముందు తల్లి జ్ఞానమ్మ ఫోటో ఉండేది. అది బేస్‌మెంట్‌లోకి, ఏసుపాదం మంచం పక్కకి దిగింది. ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం.

ఆదివారం చర్చి అయ్యాక, సంఘం తరఫున మిసెస్ లాపోర్ట్ భోజనానికొచ్చింది. కోడివేపుడు కారానికి కళ్ళు తుడుచుకుంటూ తన ఇంటిపేరు కథ చెప్పింది. కోడలు దేవకుమారి దాన్ని మామగారికి తెలుగులో చెప్పింది.

"వాళ్ళ పూర్వీకుడు సిపాయట మామయ్యా. కోట గుమ్మం దగ్గర కాపలా. లాపోర్ట్ అంటే గుమ్మమట. సిపాయిలకి అలాగే మారుపేర్లు పెట్టి రాసేసేవారట. అదే ఇంటిపేరైపోయిందట."

ఏసుపాదం ఆ ఇంట్లో మొదటిసారి నవ్వాడు.

"మరి మీ పేరుకి అర్థమేంటి?" అని మిసెస్ లాపోర్ట్ ముసలాయన్ని అడిగింది.

సామ్యూల్ అడ్డొచ్చాడు. "ఆయన్నడిగి లాభం లేదు, మూడో తరగతితో ఆపేశాడు. మీరే చూడండి. నాన్నా, నీ ముత్తాత జోసెఫ్ తండ్రి పేరేంటి?"

"తెలీదు."

"విన్నారా? ఏడాదిగా ఇదే పాట."

ఆమె ముందే విప్పాలని దాచిన కవరు అప్పుడు చింపాడు. ఫ్రెంచివాళ్ళు ఏలినప్పటి యానాం రిజిస్టరు నకలు. మిసెస్ లాపోర్ట్ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. పేరు జోసెఫ్. పని కూలి. తండ్రి పేరు గడిలో సామ్యూల్ ఇంటిపేరే ఉంది, ఎక్స్‌తో సహా.

"తండ్రి మావాడే!" అని ఆమె లేచి సామ్యూల్‌కి చెయ్యిచ్చింది.

ఆమె కారెక్కి వెళ్ళగానే సామ్యూల్ తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "పరాయి మనిషి ఒక్క నిమిషంలో చెప్పింది. నీ వంశం గురించి నువ్వు ఒక్కసారన్నా నోరిప్పావా?"

"చెప్పాన్రా."

"ఏం చెప్పావ్? తెలీదన్నావ్."

"అదే చెప్పాను."

"ఛీ, నీతో మాట్లాడ్డం నాదే బుద్ధితక్కువ."

మర్నాడు పొద్దున్నే ఏసుపాదం దొర పటం దించి, జ్ఞానమ్మ ఫోటోని మళ్ళీ ఆ మేకుకే తగిలించాడు. ఫ్రెంచి కాగితం ముందేసుకుని, కొడుకు పెన్ను తీసుకున్నాడు. పసితనంలో ఉప్పెనకి ఒడ్డుకి కొట్టుకొచ్చి, నా అన్నవాళ్ళెవరూ లేకుండా పెరిగిన జోసెఫ్, "నీ తండ్రి పేరేంట్రా?" అని తెల్ల గుమాస్తా గద్దించినప్పుడు చేతులు కట్టుకుని చెప్పిన జవాబుని, ఆ గడిలో చివరి ఎక్స్ కొట్టేసి, కింద తెలుగులో కూడబలుక్కుంటూ రాశాడు: తెలీదు.