లోడింగ్ పాయింట్‌కు పాతికేళ్లు

రజతోత్సవం మొదలై పది నిమిషాలు కాలేదు, యేసుపాదం వేదిక ఎక్కి తననెందుకు పిలవలేదని మైకులోనే అడిగాడు.

ఇనుప గనుల ఊరు కిరందుల్ టౌన్‌షిప్‌లో సగం మంది ఆ హాల్లోనే ఉన్నారు. వెనక బ్యానర్ మీద ‘ఎర్రదుమ్ము రాక్ బ్యాండ్, తొలి ఆల్బం లోడింగ్ పాయింట్‌కు పాతికేళ్లు’ అని హిందీలోనూ తెలుగులోనూ రాసి ఉంది. దాని కింద బ్యాండు నలుగురూ నిలబడ్డారు. ఇనుప ఖనిజం రైళ్లు నడిపే కూర్మారావు గాయకుడు. వెల్డరు తాతబాబు గిటారు. స్కూలు టీచరు ప్రమీలారాణి కీబోర్డు. క్రషర్ ప్లాంటులో పనిచేసే మంగ్లూ డ్రమ్స్. నలుగురిలో యాభై దాటనివాళ్లు లేరు.

“మొదటి డ్రమ్మర్ని నేను. రికార్డింగు వారం ఉందనగా నన్ను తీసేసినారు. పాతికేళ్లు కడుపులో పెట్టుకున్నాను,” అన్నాడు యేసుపాదం. అతను స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్.

తాతబాబు పైకప్పు కేసి చూశాడు. ప్రమీలారాణి చూపు ముందు వరస మీదికి పోయింది. అక్కడ గని సంక్షేమాధికారి కూర్చున్నాడు. గొడవలంటే ఆయనకు గిట్టదు. కార్యక్రమం ఆపించి, హాలుకు తాళం వేయించి మరీ వెళతాడు.

అదే జరిగితే కూర్మారావు తట్టుకోలేడని ఆమెకు తెలుసు. నెలాఖరుకు అతని రిటైర్మెంటు. ఆపైన పలాస వెళ్లిపోతాడు. ముప్ఫై ఏళ్లుగా ఇంజనులో కూర్చుని కొండలకు పాడి వినిపించాడు. వెళ్లేలోపు ఈ వేదిక మీద, ఈ జనం ముందు గొంతెత్తి పాడాలని ఒకటే కోరిక. ఈ హాలేమో అడగ్గానే ఇచ్చేది కాదు. రజతోత్సవం అంటే మాత్రం సౌండ్ బాక్సులు, కుర్చీలు, సమోసాలతో సహా ఇచ్చేస్తారు. కిందటి నెల క్యాంటీన్లో పిండి రుబ్బే గ్రైండరుకు కూడా రజతోత్సవం చేసి దండ వేశారు.

కూర్మారావు ఒక్క క్షణం ఆలోచించాడు. వెళ్లి యేసుపాదాన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

“తప్పయిపోనాది తమ్ముడూ. నీకు అన్యాయం సేసినాం.”

చప్పట్లు మోగాయి. అధికారి కోసం తెచ్చిన శాలువా యేసుపాదం భుజాలకెక్కింది. మూడో పాటకు డ్రమ్స్ అతనే వాయించాలని అక్కడికక్కడే తీర్మానమైంది. మంగ్లూ మొహం మాడ్చుకున్నాడు.

ఆ తర్వాత జ్ఞాపకాలు. ఆల్బం ఎక్కడ రికార్డు చేశారని వ్యాఖ్యాత అడిగింది. కూర్మారావు జగదల్‌పూర్ అన్నాడు. సరిగ్గా అప్పుడే తాతబాబు విశాఖపట్నం అన్నాడు. ప్రమీలారాణి మైకు లాక్కుని, పాటలు జగదల్‌పూర్‌లో, సంగీతం విశాఖలో అని సర్దింది. టేపులు అటూ ఇటూ గూడ్సు గార్డు చేత పంపించేవాళ్లమంది. ఆ గార్డు మా మేనమామేనని వెనక వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు.

ఇంక ఆగేదెవరు? కొంటలో దుకాణం మూసేసి ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్న కాశయ్య చెయ్యెత్తాడు. “మూడు వందల క్యాసెట్లు నేనొక్కణ్నే అమ్మిన. పామేడు దాకా పోయినయ్. ఏంది, ఒక్కరికన్నా యాది లేదా?” అని నిలదీశాడు. చాలామందికి యాదికొచ్చింది. రెండో పాట వినే తన మొగుడు పెళ్లికి ఒప్పుకున్నాడని సుశీలమ్మ కళ్లొత్తుకుంది. పక్కనున్న మొగుడు కూడా తలూపాడు. ఊపక ఏం చేస్తాడు?

మొదటి పాట మొదలైంది. కూర్మారావు ప్రాణం పెట్టి పాడాడు. జనం ఈలలు వేశారు. ఒక్క రామ్మూర్తి మాత్రం పెదవి విరిచాడు. గనిలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. దేన్నీ ఊరికే మెచ్చుకోడు.

“బాగానే ఉంది గానీ, క్యాసెట్లో ఉన్న ఊపు లేదు,” అన్నాడు అందరికీ వినబడేలా.

కూర్మారావుకు చాలా బాధేసింది. ఆ క్యాసెట్లో పాడినవాడి మీద అసూయ కూడా కలిగింది. రెండో పాట అందుకున్నాడు. ఈసారి గొంతు చిరిగినా సరేననుకున్నాడు. నరాలు తేలాయి, చొక్కా తడిసిపోయింది. సంక్షేమాధికారి కూడా కుర్చీ చేతి మీద తాళం వేశాడు. మూడో పాటలో యేసుపాదం తాళం ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. అయినా హాలు హాలంతా లేచి నిలబడింది. కూర్మారావు నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని ఆ జనాన్ని చూశాడు. అంత సంతోషం అతనికి ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

చివర్లో అధికారి హిందీలో నాలుగు మాటలు చెప్పాడు. ఇలాంటి ఆల్బం మన గెస్టుహౌసులో అద్దాల బీరువాలో ఉండాలన్నాడు. గనిలో తొలిసారి తవ్విన ఖనిజం ముక్క పక్కనే పెట్టిస్తానన్నాడు. ఒక్క క్యాసెట్టు ఇప్పించమని బ్యాండును అడిగాడు. తమ దగ్గరున్నవన్నీ వానాకాలం చెమ్మకు పాడైపోయాయని ప్రమీలారాణి చేతులు జోడించింది.

“నా దగ్గరుంది. ట్రంకుపెట్టెలో భద్రంగా దాచాను. పొద్దున్నే తెస్తాను,” అన్నాడు రామ్మూర్తి.

జనం వెళ్లిపోయారు. నలుగురూ వైర్లు చుడుతూ మిగిలారు. ఆ క్యాసెట్టు సంగతి ఏం చేద్దామని తాతబాబు అడిగాడు. మంగ్లూ, ప్రమీలారాణి కూర్మారావు వైపు చూశారు. అతని మొహంలో భయం లేదు, ఎక్కడలేని ఆశ ఉంది.

“బీరువాలో పెట్టీముందు ఓపాలి మనకిమ్మనండి, ఎలగుందో ఇనాల,” అన్నాడు కూర్మారావు, “మనం బ్యాండెట్టి ఇరవై దినాలే అయినాది, ఇంకా ఒక్క పాటా రికార్డు సెయ్యనేదు కదా.”