పొద్దుటి పేపరు

"మీ మంగకు తెలివి తక్కువ కాదమ్మా, ఎక్కువే" అని నారాయణగూడ నుంచి పద్మ గారు ఫోన్ చేసేసరికి నర్మద ఉప్మాలో నీళ్లు పోయడం మరిచిపోయింది. రవ్వ మాడింది. అయినా ఆమె నవ్వు ఆగలేదు.

చదవడం, రాయడం రాక అవస్థపడే పిల్లలకు వేరే పద్ధతిలో నేర్పే టీచరు పద్మ గారు. మొన్ననే మంగను పరీక్షించి చూశారు. "రేపు పొద్దున పాఠానికి తీసుకురండి. పెద్దవాళ్లొకరు పక్కన కూర్చోవాలి" అన్నారు.

నర్మదకు పెళ్లయి ఏడాది కాలేదు. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. మంగ ఆమె ఆడబిడ్డ స్వరూప కూతురు. పట్నంలో చదువుకుంటుందని మేనమామ జైపాల్, అంటే నర్మద భర్త, దగ్గర ఉంచారు. ఒకసారి విన్న కథ పొల్లు పోకుండా చెబుతుంది. అదే కథ పుస్తకంలో చూపిస్తే మొదటి వాక్యం దగ్గరే చెమటలు. స్వరూప విసిగిపోయింది. బడి మాన్పించి ఊరికి తీసుకుపోతానంటోంది. తమ్ముడు గట్టిగా వద్దంటేనే ఆగుతుంది.

ఆ తమ్ముడు నోరు విప్పడు.

నోరు లేకా? అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్పేది అతనే. చేతిలో కాగితం ముక్క ఉండదు. బోర్డు మీద రాసే పని ముందు బెంచీ వాళ్లది. ఒకప్పుడు తనూ గ్రూప్స్‌కు తయారయ్యాడు. లైబ్రరీ దగ్గర దోస్తులు పైకి చదువుతుంటే విని, వాళ్లకే తిరిగి పాఠం చెప్పేవాడట. టిక్కులు పెట్టే ప్రిలిమ్స్ ఎట్లాగో దాటేవాడు, పేజీలు రాయాల్సిన మెయిన్స్‌లో పోయేది. "నసీబు" అని నవ్వేస్తాడు.

పొద్దున చాయ్ తాగుతూ పేపరు నర్మద చేతికిస్తాడు. "నువ్వు చదువు. నీ గొంతుల ఇంటే ఉల్లిగడ్డ ధర పెరిగిన వార్త గూడ మంచిగుంటది." ఆ ఒక్క మాటకు ఆమె మధ్యాహ్నం దాకా గాల్లో తేలేది.

మంగ మాటెత్తితే మాత్రం ఆ మనిషే వేరు. "ఎప్పుడన్న ఒక్కపూట దాన్ని కూసోబెట్టుకొని చదివియ్యరాదా?" అంటే, "నాతోని కాదు" అని చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు.

ఆ సాయంత్రం అతను గుమ్మంలో ఉండగానే నర్మద కబురు చెప్పింది. జైపాల్ తల ఊపాడంతే.

"సంతోషం లేదా?"

"ఉంది. ఏందో మాడినట్టున్నది?"

నర్మదకు ఒళ్లు మండింది. ఆ మంట మంగ వైపు మళ్లింది. పుస్తకం తెరిచి వేలు పెట్టింది. "పొద్దున చదివినవు గద. ఇదేంది?"

"గో... గొ..."

"గోదావరి. ఎన్నిసార్లు చెప్పాలె?"

"గోదావరి నాకు ఎరుకే అత్తా. త్రయంబకంల పుడుతది, కందకుర్తి కాడ మన దిక్కు వస్తది. అన్ని మామ చెప్పిండు. గీడ రాసింది గదేనని తెలుస్తలేదు." మంగ కళ్లు నిండాయి.

నర్మద పుస్తకం మూసి భర్త వైపు తిరిగింది. "మీకేమండి, చదువు మంచినీళ్లు తాగినట్టు వచ్చింది. దీని బాధ మీకేం తెలుస్తది?"

"చానా నదులు తూర్పుకు పోతే నర్మద పడమరకు పోతదని క్లాసుల చెప్తుంట. ఎదురు పారుడే దాని గుణం."

"నవ్వులాట వద్దు. వదినకు ఫోన్ చేస్తరా, చెయ్యరా?"

జైపాల్ మంగ కళ్లు తుడిచాడు. తర్వాత ఫోన్ తీశాడు. "అక్కా, మంగ యాడికి రాదు. ఈడనే చదువుతది. ఇగ ఆ ముచ్చట తీయకు."

నర్మద నవ్వుతూ పుస్తకం మంగ ఒళ్లో పెట్టింది. "రేపు దాని పక్కన నేను కూసుంట లెండి. మీకు క్లాసుంటది."

"క్లాసు బంద్ పెట్టి నేను గూడ వస్త" అన్నాడు జైపాల్, మంగ ఒళ్లోని పుస్తకం తన ఒళ్లోకి తీసుకుంటూ. "రేపు పద్మ గారితోని చెప్పు నర్మదా, మంగకే కాదు, నాకు గూడ చదువుడు నేర్పాలెనని."