వెనక పిలుపు

“యాడికయ్యా పోతన్నారు?”

ఆ మాట వినబడగానే పడవను నీళ్లలోకి నెడుతున్న నలుగురూ ఆగిపోయారు.

వేటకి వెళ్లేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. వెనక నుంచి అసలు పిలవకూడదు. వాడరేవులో ఈ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు.

“మళ్లీ ఆ ముసలాడే,” అన్నాడు ప్రభు పళ్లు కొరుకుతూ. పడవ ప్రభుదే.

ఒడ్డున బోర్లించిన పాత పడవ పక్కన కూర్చుని ఉన్నాడు ఆ ముసలివాడు. ఈమధ్యే ఎక్కడినుంచో వచ్చాడు. పేరేమిటని ఎవరూ అడగలేదు.

“పదండ్రా, కాసేపు కూర్చుని నీళ్లు తాగి పోదాం.”

అపశకునానికి విరుగుడు అదే. సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలి, గుక్కెడు మంచినీళ్లు తాగాలి, అప్పుడు బయల్దేరాలి. ప్రభు ఆదివారం చర్చి మానడు గానీ, సముద్రం దగ్గరికొస్తే అన్నిటినీ నమ్ముతాడు.

“నువ్వు రావా మామా?”

“ప్రార్థన చేసుకుని వచ్చినోణ్ణి, నాకెందుకురా ఇయ్యన్నీ? పడవ పట్టుకుని ఉంటాలే,” అన్నాడు ఎలీషా.

ఎలీషా ప్రభుకి మేనమామ. పడవలో అందరికంటే పెద్దవాడు. ఇంజిన్ దగ్గర కూర్చుని పడవ నడిపే సరంగు అతనే.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఎలీషా పడవలో కూర్చుని తాడు సర్దుతున్నాడు.

“మా మామకి ముసలితనం రాదురా,” అని నవ్వాడు ప్రభు.

ఆ సాయంత్రం ఎలీషా పెళ్లాం అంకమ్మ అతని మోకాళ్లకి నూనె రాస్తూ అంది.

“ఈ నొప్పుల సంగతి ప్రభుకి చెప్పరాదా?”

“చెప్తే వలలు బాగుచేసుకుంటా ఒడ్డున కూర్చోమంటాడు. నేను ఒడ్డున బతకలేనే.”



పిలుపు మాత్రం ఆగలేదు. ముసలివాడు రోజూ సరిగ్గా పడవ నీళ్లలోకి దిగాక పిలిచేవాడు. పక్కనుంచి ఎన్ని పడవలు వెళ్లినా పలకరించేవాడు కాదు. ఈ పడవనే పిలిచేవాడు.

ఒకరోజు వల చిరిగిపోయింది. ఇంకోరోజు నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోయింది. ఆ తర్వాత పడవలోని సలీం తాడులో కాలు చిక్కుకుని నీళ్లలో పడ్డాడు. పైకి లాగేసరికి పెదవులు నల్లబడ్డాయి. బతికాడు, అంతే.

“ఈసారి మనిషి పోతాడు,” అన్నాడు ప్రభు.

ఎలీషాకీ భయం పట్టుకుంది. ప్రార్థన చేసినా పోలేదు. పెద్దవాడు కాబట్టి తనే ముందు నడిచాడు.

ముసలివాడి చెయ్యి పట్టుకుని లేవదీశాడు. గరుకు చెయ్యి, అరచేతి నిండా తాడు కోసిన గీతలు. ముసలివాడు రెండో చెయ్యి మోకాలి మీద ఆనించుకుని మెల్లగా లేచాడు.

“నీకేం అన్యాయం చేశామయ్యా? మా వెనకే ఎందుకు పడ్డావ్?”

ముసలివాడు ప్రభుని చూశాడు. తర్వాత ఎలీషా దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

“రేపు నువ్వు ఎక్కగలవా?”

ఎలీషా అతని చెయ్యి గట్టిగా గుంజాడు.

“శాపం పెడతన్నావా?”

 ఎలీషా అతన్ని రోడ్డు దాకా ఈడ్చుకెళ్లాడు. చీరాల ఆటో ఎక్కించి పంపేశారు.

మర్నాడు పొద్దున ఏ పిలుపూ లేదు. సముద్రం కూడా నెమ్మదిగా ఉంది.

“పీడ విరగడైంది. ఎక్కు మామా,” అన్నాడు ప్రభు.

ముగ్గురూ పడవ చుట్టూ నిలబడి ఎలీషా వైపే చూస్తున్నారు. ఎలీషా అంచు పట్టుకున్నాడు. కాలు లేవలేదు.

“తొందరగా ఎక్కు, అల వస్తంది.”

ఇక దాచడానికి వీల్లేకపోయింది. ఈమధ్య రోజూ వాళ్లు ఒడ్డున నీళ్లు తాగుతుండగా ఎక్కుతున్నట్టే పొట్ట అంచు మీద ఆనించి పాకబోయాడు. అల పడవను లేపింది. ఎలీషా జారి నీళ్లలో పడ్డాడు. పడవ మీదికి రాబోతుంటే ప్రభు రెక్క పట్టుకుని పక్కకి లాగాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

“ఎన్నాళ్ల నుంచి మామా?”

ఎలీషా తడిసిన లుంగీ పిండుకున్నాడు.

“నీకేమన్నా అయితే అత్తకి ఏం చెప్పుకోను? ఇక నువ్వు వలలు చూసుకో మామా,” అన్నాడు ప్రభు మెల్లగా.

పడవ ఎలీషా లేకుండానే వెళ్లిపోయింది.

ఎలీషా బోర్లించిన పాత పడవ పక్కన చతికిలబడ్డాడు. అక్కడి నుంచి చూస్తే పడవలు ఎక్కే మనుషులందరూ తేటగా కనిపిస్తున్నారు.

పక్క పడవ దగ్గర మార్కు కూడా కనిపించాడు. ఎలీషా ఈడువాడే. జ్వరం నుంచి లేచి ఆరోజే మళ్లీ వేటకొచ్చాడు. పడవ అంచు పట్టుకుని కాలు ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు, దించాడు. ముందున్నవాళ్లు వెనక్కి తిరగబోతున్నారు.

ఎలీషా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

“యాడికయ్యా పోతన్నారు?”

అందరూ ఒడ్డు వైపు తిరిగి ఎలీషాని అమ్మనాబూతులు తిట్టారు. తిట్టుకుంటూనే వచ్చి సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. నీళ్ల సీసా చేతులు మారింది.

వాళ్ల వెనక మార్కు పొట్ట అంచు మీద ఆనించి పాకి, పడవలో కూర్చుని, తాడు సర్దుకోసాగాడు.

ఎలీషా చీరాల రోడ్డు వైపు చూశాడు. ఏడుపు వచ్చింది.

నిన్న తను పట్టుకుని ఈడ్చిన ఆ చెయ్యి, ఒకప్పుడు ఏదో రేవులో అందరూ చూస్తుండగా పడవ ఎక్కలేక ఒడ్డున మిగిలిపోయిన సరంగుది.