పరాయి గోడకు మేకు

మేకు గోడకు ఆనించి అల్లుడు సుత్తి ఎత్తాడో లేదో, వంటింట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది.

"కొట్టకండి బాబూ! పెచ్చులూడతాయి. పరాయి గోడ."

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా అది అక్కడే ఆగుతోంది.

అతనిది నేమ్‌ప్లేట్లు చెక్కే దుకాణం. ఊళ్లో సగం గుమ్మాల మీద మెరిసే ఇత్తడి పేర్లు అతని చేతి పనే. తన పేరు మాత్రం, పెళ్లికి ముందే ముచ్చటపడి చెక్కుకున్నది, పాత తువ్వాల్లో చుట్టి బీరువాలో పడుంది. సొంత గుమ్మం మీద పేరు లేనివాణ్ని అతని జాతివాళ్లు మనిషి కింద జమకట్టరు. కన్నతల్లి కూడా "నీ గడప అయిన రోజునే తొక్కుతాను" అని భీష్మించుకుని కూర్చుంది. బస్సెక్కితే గంట దూరం. తొమ్మిదేళ్లలో ఒక్క పూట రాలేదు.

భార్యవాళ్లది వేరే జాతి, వేరే భాష. పనిచోట కలిశారు, పెళ్లి చేసుకున్నారు, ఉప్పూ కారంతో సహా అన్నీ కుదిరాయి. కుదరనిది ఇల్లు కొనే మాట ఒక్కటే. ఆ మాట ఎత్తితే చాలు, తల్లీకూతుళ్లు నోటికి తాళం వేసుకుంటారు.

"సాయంత్రం ఆరు దాటితే ఆ ఫ్లాటు ఇంకొకరికి పోతుంది," సుత్తి బల్ల మీద పడేసి అన్నాడు అల్లుడు. "లోను కాగితాల మీద నీ సంతకమే తరువాయి."

"ఉన్నచోట ఏం తక్కువైందండీ?" భార్య కూరలు తరుగుతూ అంది. "కప్పు కారదు. అద్దె పెరగదు. ఓనరుగారు వచ్చి నస పెట్టరు."

"తొమ్మిదేళ్లు అద్దె పెంచలేదంటే వాడు దేవుడు కాదు, దద్దమ్మ! కరెంటు బిల్లు ఇప్పటికీ ఎవరో పోయిన ముసలమ్మ పేరునే వస్తోంది. పేరు మార్పించుకోడానికి కూడా ఒళ్లు వంగని మనిషి!"

"ఊరికే ఆడిపోసుకోకండి," అంది భార్య. వంటింట్లో అత్తగారు చిన్నగా దగ్గింది.

"అసలు మీవాళ్లకి సొంతిల్లంటే అంత భయమేమిటే?"

"భయం కాదు. మా ముత్తాత తన ఇంటి గురించి పదిమందికి గొప్పగా చెప్పుకున్నాడట. పదకొండోవాడొచ్చి పూచీకత్తు సంతకం అడిగాడట. ఇల్లు కాస్తా పోయింది. అప్పట్నుంచీ మావాళ్లు ఇంటి ఊసే ఎత్తరు. ఉందని చెప్పుకున్న రోజే పోయే రోజంటారు."

"ఉంటే కదా చెప్పుకోడానికి! ఆలూ లేదు చూలూ లేదు, దిష్టి తగులుతుందని కొడుకుని దాచారట!"

అత్తగారు పానా పట్టుకుని సింకు కింద ట్యాపు బిగిస్తోంది. ఆ మనిషి తీరే అంత. కిటికీ బందులకు నూనె వేస్తుంది, గోడ బీటల్లో సిమెంటు కూరుతుంది, మబ్బు పడితే మేడెక్కి తూముల్లో ఆకులు తీస్తుంది. అద్దింటికి ఇంత ఊడిగం చేసేవాళ్లను అల్లుడు ఎక్కడా చూడలేదు. పోనీలే, వెళ్లడానికి మరో చోటు లేని మనిషి అని జాలిపడి ఊరుకునేవాడు.

"మీకేం బెంగొద్దు అత్తయ్యా," అన్నాడు గొంతు పెంచి. "కొత్తింట్లో మీకూ ఓ గది ఉంటుంది. ఇలా ఎవరి చూరో పట్టుకుని వేలాడే ఖర్మ మీకుండదు."

"మంచిమాట బాబూ," అంది అత్తగారు సింకు కిందనుంచే.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "నిన్న అమ్మ ఫోన్ చేసింది. మోకాళ్లు అరిగిపోయాయట. ‘మెట్లెక్కే ఓపిక ఉండగానే పిలుస్తావా’ అని అడిగింది." అతనికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కనపడకూడదని ఇంకా కోపమొచ్చింది.

భార్య చేతిలో కత్తి ఆగింది. "ఇక్కడికే రమ్మనండి. నేనెళ్లి తీసుకొస్తాను."

"రాదు. ఇది నా గడప కాదు. సంతకం పెడతావా, పెట్టవా?"

భార్య తల దించుకుని మళ్లీ తరగడం మొదలుపెట్టింది. తన గోడు ఈ ఇంట్లో గోడలకైనా వినిపిస్తుందేమో గాని ఈ తల్లీకూతుళ్లకు మాత్రం వినపడదనిపించింది అతనికి. కాగితం లాక్కుని, ఇత్తడి మీద చెక్కినట్టే ఒత్తి ఒత్తి రాశాడు.

‘ఇంటి యజమానిగారికి, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నాం.’

"చూసుకో," అన్నాడు. "తలదాచుకునే చోటు లేకపోతే చచ్చినట్టు నువ్వే సంతకం పెడతావు."

భార్య చదివింది. ముఖంలో రంగు మారింది. "నాకివ్వండి. ఎప్పటిలా అద్దె కవరుతో పాటు నేనే అందజేస్తాను."

"అక్కర్లేదు. మధ్యలో నువ్వు నొక్కేస్తావు. ఈసారి నేనే ఇస్తా. ఎక్కడుంటాడో చెప్పు."

"ఓనరు చేతికేనా?"

"ఓనరు చేతికే. ఇంకెవరి చేతిలోనూ పెట్టను."

భార్య వంటింటి వైపు తిరిగి తమ భాషలో ఏదో అడిగింది. పానా గట్టు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కాసేపటికి అత్తగారు ముందుగదిలోకి వచ్చి, గోడకు మేకు ఆనించిన చోట గీత పడిందేమోనని వేలితో తడిమి చూసింది.

"సరే, ఇవ్వండి," అంది భార్య.

అత్తగారు తడిచెయ్యి తుడుచుకుని కాగితం కోసం చాచింది.